ఎండాకాలంలో మోటార్‌హోమ్‌ను చల్లగా ఉంచడం: సగం పని పొద్దున తొమ్మిదిలోపే

మా మోటార్‌హోమ్‌లో, అంటే మంచం, వంటిల్లు ఉన్న ఇల్లులాంటి బండిలో, థర్మామీటర్ తెర మీద రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి లోపలి వేడి. రెండోది బయట నీడపక్కన వేలాడే చిన్న సెన్సర్ చూపించేది. ఆ సెన్సర్‌కి ఎండ తగిలితే తప్పుడు అంకె వస్తుంది కాబట్టి రోజుకు రెండుసార్లు దాని చోటు మారుస్తాను. కిటికీ ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, పరదా ఎప్పుడు దించాలి, ఇవన్నీ మేం ఆ రెండు అంకెలు చూసే నిర్ణయిస్తాం.

అది కొనక ముందు ఒక వేసవిలో మా అమ్మ మాతో వచ్చింది. మధ్యాహ్నం తిన్నాక వెనక మంచం మీద పడుకుంది. కిటికీలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి, గాలి ఆడుతోంది కదా అనుకున్నాం. గంట తర్వాత వెళ్లి చూస్తే ముఖం ఎర్రగా కందిపోయింది, పిలిస్తే సరిగ్గా పలకలేదు, ఒళ్లు కాలిపోతోంది. ఎత్తుకెళ్లి చెట్టు కింద పడుకోబెట్టాం. నేను ఒంటి మీద నీళ్లు పోస్తూ విసురుతుంటే మా ఆయన అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. అమ్మ తేరుకుంది. ఆ రోజు బయట 36 డిగ్రీలు. లోపల ఎంతుందో మాకు తెలియదు, చూసే వస్తువే లేదు. అందుకే ముందు చెప్పేది ఇదే: ఏసీ సంగతి తర్వాత, ముందు లోపలా బయటా చూపించే థర్మామీటర్ కొనండి.

ఇల్లు వేరు, బండి వేరు. ఇటుక గోడ వేడెక్కడానికి కొన్ని గంటలు పడుతుంది. బండి గోడంటే రెండు పలుచటి పొరల మధ్య మూడు, నాలుగు సెంటీమీటర్ల ఫోమ్, అంతే. మబ్బు లేని మిట్టమధ్యాహ్నం, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. మా బండి పైకప్పు దాదాపు 15 చదరపు మీటర్లు. అంటే పదిహేను రూమ్ హీటర్లు నెత్తి మీద వెలుగుతున్నట్టే. తెల్ల రంగు అందులో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది, మిగిలింది లోపలికి దిగుతుంది. ఒకసారి దిగాక పరుపు, సోఫా, అలమరాలు, గిన్నెలు అన్నీ వేడెక్కి కూర్చుంటాయి. అప్పుడు ఏ ఫ్యానూ ఏమీ చేయలేదు. వేడిని గుమ్మం బయటే ఆపాలి. మిగతాదంతా ఆ తర్వాతే.

ఎక్కడ ఆపాలి, ఎటు తిప్పి ఆపాలి

మనం సాధారణంగా సాయంత్రం చేరుకుంటాం. అప్పుడు నీడ ఎక్కడుంటే అక్కడ బండి పెట్టేస్తాం. మర్నాడు మధ్యాహ్నం ఆ నీడ అక్కడ ఉండదు. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, పది గంటల నీడ ఒంటిగంటకు పక్కింటివాళ్ల బండి మీద ఉంటుంది. నేను దిగగానే ఫోన్లో దిక్సూచి తెరిచి పడమర ఎటో చూస్తాను. చెట్టు బండికి పడమటి వైపు ఉండాలి. పొద్దున ఎండ కాస్త తగిలినా ఫర్వాలేదు, సోలార్ ప్యానెల్‌కి అదే మంచిది. మూడు నుంచి ఆరు దాకా ఏటవాలుగా వచ్చే ఎండే గోడలనూ కిటికీలనూ మాడుస్తుంది, దానికి చెట్టు అడ్డం ఉండాలి. కొమ్మలు ఎండిపోయిన చెట్టు కింద మాత్రం ఎంత నీడ ఉన్నా ఆపను. జిగురు కారే చెట్ల కింద కూడా వద్దు, పైకప్పు మీద పడి ఎండితే గీకి తీయాల్సి వస్తుంది.

బండి ముఖం గురించి: ఉష్ణమండలానికి ఉత్తరాన ఉన్న దేశాల్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు, కాబట్టి ముందు అద్దం ఉత్తరానికి, కొంచెం తూర్పుకు మొగ్గి ఉండేలా నిలపండి. ఉష్ణమండలానికి దక్షిణాన ఉంటే అద్దం దక్షిణానికి, అక్కడా కొంచెం తూర్పుకే మొగ్గి. ఉష్ణమండలంలో వేసవి సూర్యుడు దాదాపు నడినెత్తికే వస్తాడు, అక్కడ ఒక్కటే చూసుకోండి: అద్దం పడమరకు ఉండకూడదు.

ఫ్రిజ్ ఉన్న గోడ కూడా పడమరకు ఉండకూడదు. రెండూ ఒకేసారి కుదరకపోతే నేను ఫ్రిజ్ మాటే నెగ్గిస్తాను. అద్దానికి కవర్ వేయొచ్చు, ఫ్రిజ్ వెనకున్న గాలి జాలీలను మూయలేం.

నేల కూడా చూడండి. తారు, కాంక్రీటు సాయంత్రం దాకా వేడిని మింగి రాత్రంతా కక్కుతాయి. గడ్డి నేల దొరికితే రాత్రి నిద్ర వేరేగా ఉంటుంది. పోతే, ఇంటికి చక్రాలున్నాయన్న సంగతి మర్చిపోవద్దు. 1000 మీటర్లు పైకి ఎక్కితే గాలి వేడి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. వడగాలుల వారం ముందే తెలిస్తే ప్రయాణం దారి కొండల మీదుగా మార్చుకోవడం కంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

అద్దాలు: కవర్ బయట వేయాలి

మోటార్‌హోమ్‌లోకి వేడి ఎక్కువగా వచ్చే దారి ముందు అద్దం. చాలామంది లోపలి వైపు వెండిరంగు చాప పెడతారు. ఏమీ లేనిదానికన్నా మేలే. కానీ ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది. చాప కొంత తిప్పికొడుతుంది, మిగిలిన వేడి చాపకూ అద్దానికీ మధ్య ఇరుక్కుని మెల్లగా క్యాబ్‌లోకి, అంటే డ్రైవర్ కూర్చునే ముందు భాగంలోకి, దిగుతుంది. మొదట మా దగ్గరా అదే ఉండేది. ఒకరోజు రెండు గంటలకు చాపకూ అద్దానికీ మధ్య చెయ్యి పెట్టి చూశాను, రెండు క్షణాలు కూడా ఉంచలేకపోయాను. తర్వాత బయటి నుంచి కప్పే కవర్ కుట్టించాం. ముందు అద్దంతో పాటు రెండు తలుపుల అద్దాలనూ కప్పుతుంది, చివర్లు తలుపు సందులో ఇరికించి తలుపు వేస్తే గాలికి ఎగరదు. అలాంటి ఎండలోనే మళ్లీ లోపల చెయ్యి పెట్టాను. అద్దం గోరువెచ్చగా ఉంది, అంతే. వేయడానికి ఐదు నిమిషాలు. రోజూ బండి కదిలించేవాళ్లకు విసుగనిపించవచ్చు, అయినా వేయండి.

క్యాబ్‌కీ లోపలి గదికీ మధ్య మందపాటి పరదా ఒకటి పైనుంచి కింది దాకా వేలాడదీయండి. మూడు, నాలుగు గంటలు నడిపి ఆపాక ఇంజిన్ వేడి చల్లారడానికి చాలాసేపు పడుతుంది, ఆ వేడి పెడల్స్ దగ్గర నుంచి లోపలికి పాకుతుంది. ఆపిన వెంటనే పరదా మూసేస్తే గది వరకు రాదు.

పక్క కిటికీల విషయంలో ఒక జాగ్రత్త ఉంది, ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. మోటార్‌హోమ్ పక్క కిటికీలు చాలావరకు గాజువి కావు, రెండు పొరల యాక్రిలిక్ ప్లాస్టిక్. ఎండ నేరుగా కొట్టేటప్పుడు లోపలి వెండిరంగు బ్లైండ్‌ను (కిటికీకి దించే తెరను) కింది దాకా మూసేస్తే, బ్లైండ్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య గాలి బందీ అయి విపరీతంగా కాగుతుంది. మా బండిలో పడమటి కిటికీకి అలాగే మూసి ఊళ్లోకి వెళ్లాం. సాయంత్రం వచ్చి చూస్తే లోపలి పొర బొద్దుగా ఉబ్బింది, వేలితో తడిమితే తెలిసేంతగా. అంచుల వెంట సాలెగూడు దారాల్లా సన్నటి గీతలు. ఆ కిటికీ మార్చాల్సి వచ్చింది. తర్వాత చూస్తే బ్లైండ్‌ను ఎండలో పూర్తిగా మూయకూడదని కిటికీ తయారీదారు కాగితంలోనే రాసి ఉంది. ఇప్పుడు ఎండ వైపు బ్లైండ్‌ను మూడింట రెండు వంతులే దించి, కిటికీ గొళ్లెం గాలి ఆడే రెండో గాడిలో పెడతాను. పైకప్పు కిటికీకీ ఇదే పద్ధతి. యాక్రిలిక్‌ను స్పిరిట్‌తో తుడవకండి, దానివల్లా ఇలాంటి పగుళ్లే వస్తాయి.

ఆ కిటికీల మీద ఎండ అసలు పడకుండా చేయగలిగితే ఇంకా మంచిది. ఆనింగ్ (బండి పక్కకు చాపే గుడ్డ పందిరి) ఉన్న పక్కను మధ్యాహ్నపు ఎండ వైపు తిప్పితే ఆ గోడంతా నీడలో ఉంటుంది. పొద్దు వాలాక ఎండ ఆనింగ్ కిందనుంచి దూరుతుంది. దానికి ఆనింగ్ అంచు నుంచి నేల దాకా నర్సరీల్లో కట్టే నీడ వల లాంటిది వేలాడదీయాలి. గుడ్డ కంటే వల నయం, గాలి ఆగదు. బయటికి వెళ్లేటప్పుడూ రాత్రి పడుకునేటప్పుడూ ఆనింగ్ చుట్టేయండి, ఒక్క ఈదురుగాలి చాలు దాని చేతులు విరగడానికి.

పైకప్పును సీజన్ మొదట్లో ఒకసారి కడగండి. దుమ్ము పట్టి బూడిదరంగుకు మారిన తెలుపు తెలుపులా పనిచేయదు. సోలార్ ప్యానెళ్లు కప్పుకు అతికించినవి కాక కాస్త ఎత్తులో బిగించినవైతే వాటి కింద గాలి ఆడి, ఆ మేరకు కప్పుకు గొడుగు పట్టినట్టు ఉంటుంది.

కిటికీలు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి

పొద్దున లేవగానే, వెలుగు రాకముందే, అన్నీ తెరుస్తాను: కిటికీలు, తలుపు, పైకప్పు కిటికీలు, అలమరాల తలుపులు కూడా. అలమరాల్లో నిన్నటి వేడి దాక్కుని ఉంటుంది. మంచం మీది పరుపును గోడకు నిలబెడతాను, ఫోమ్ వేడిని పట్టుకుని వదలదు కాబట్టి. పైకప్పు ఫ్యాను బయటికి ఊదేలా ఫుల్ స్పీడు. బండి గోడలు పలుచన కావడం ఇక్కడ మనకు కలిసొస్తుంది, గంటన్నరలో లోపలి అంకె బయటి అంకెను అందుకుంటుంది.

ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య బయటి అంకె లోపలి అంకెను దాటుతుంది. ఆ క్షణాన అన్నీ మూస్తాం, కవర్లు వేస్తాం. ఎండాకాలంలో కిటికీలు మూయమంటే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మలేదు, మా అమ్మ పడుకున్న రోజు అన్నీ తెరిచి పెట్టింది అందుకే. బయట 36 ఉన్న గాలిని లోపలికి పిలిస్తే వచ్చేది 36 డిగ్రీల గాలే. మంచి నీడ ఉన్న చోట మధ్యాహ్నం ఒకటి, రెండు గంటల దాకా లోపల బయటికంటే మూడు, నాలుగు డిగ్రీలు తక్కువ నిలుస్తుంది మాకు. నీడ లేని చోట పదకొండుకే లోపలి అంకె మళ్లీ పైకి పోతుంది. అలా పైకి పోగానే తెరవాలి, ఫ్యాను వేయాలి. లోపల తక్కువుంటే మూత, ఎక్కువుంటే తెరుపు. గడియారం చూసి చేసేది కాదు, అంకె చూసి చేసేది.

అన్నీ మూయమన్నానని నేల దగ్గరా కప్పు మీదా ఉండే శాశ్వత గాలి రంధ్రాలకు గుడ్డ కుక్కకండి. గ్యాస్ లీకైతే బయటికి పోవడానికి, మనకు ఊపిరి ఆడటానికి అవి పెట్టారు.

ఫ్యాను

పైకప్పు ఫ్యాను బయటికి ఊదుతుంటే, మంచం పక్కన నీడ వైపున్న ఒక్క కిటికీ మాత్రం కొంచెం తెరవండి, మిగతావన్నీ మూయండి. అన్నీ తెరిస్తే ఫ్యాను తనకు దగ్గరగా ఉన్న కిటికీ నుంచే గాలి లాక్కుంటుంది, మంచం దగ్గర ఆకు కదలదు. నేను టిష్యూ కాగితాన్ని సన్నటి పట్టీగా చింపి కిటికీ సందు దగ్గర పట్టుకుని చూస్తాను. పట్టీ లోపలికి వంగితే గాలి వస్తున్నట్టు, నిటారుగా వేలాడితే ఇంకో కిటికీ ఏదో తెరిచి ఉన్నట్టు. దోమతెర గాలిని చాలా తగ్గిస్తుంది, దుమ్ము పట్టినదైతే మరీను. నెలకోసారి ఉతకండి.

ఈ ఫ్యాన్లు 12 వోల్టులవి, తక్కువ స్పీడులో కరెంటు చాలా కొంచెమే తింటాయి, రాత్రంతా తిప్పినా బ్యాటరీకి ఇబ్బంది ఉండదు. దీంతోపాటు మంచం దగ్గర క్లిప్పు ఫ్యాను ఒకటి ఒంటికి తగిలేలా పెట్టుకోండి. ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమటను ఆరబెట్టి మనల్ని చల్లబరుస్తుంది. అందుకే గాలి వేడి 40 దాకా వచ్చాక ఒట్టి ఫ్యాను మీద ఆధారపడకూడదు, అప్పుడది వేడిగాలిని ఒంటికి కొడుతుంది. ఒళ్లు తడిపి ఫ్యాను ముందు కూర్చోవాలి, లేదా అక్కడి నుంచి కదలాలి.

తడి సంగతికొస్తే, ఒక లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు 0.67 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడిని చుట్టుపక్కల నుంచి లాక్కుంటుంది. పొడి ఎండల్లో తడిగుడ్డ మెడ మీద వేసుకోవడం, గాలి వచ్చే కిటికీకి తడి దుప్పటి కట్టడం నిజంగా పనిచేస్తాయి. సముద్రం పక్కన ఉక్కపోతలో ఇవి పనికిరావు, ఉన్న తేమకు ఇంకాస్త కలిపినట్టవుతుంది. చిన్న వాటర్ కూలర్లదీ అదే కథ.

లోపల మనమే పుట్టించే వేడి

వంట బయట పెట్టుకోండి, ఆనింగ్ గుడ్డకు దూరంగా. కిలో గ్యాస్ కాలితే వేడితో పాటు ఒకటిన్నర కిలోలకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఉక్కంతా రాత్రి మన పక్కనే పడుకుంటుంది. ఇన్వర్టరూ ఛార్జర్లూ అవసరం తీరగానే ఆపేయండి, అవీ వేడి పుట్టిస్తాయి.

గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే ఫ్రిజ్ వేడితోనే పనిచేస్తుంది. లోపలి నుంచి తీసిన వేడిని వెనక పైపుల ద్వారా బయటికి వదలాలి, కింది జాలీ నుంచి గాలి వచ్చి పై జాలీ నుంచి పోవాలి. చలికాలం మూతలు ఆ జాలీలకు అలాగే ఉండిపోయాయేమో చూడండి. పై జాలీ వెనక రెండు చిన్న కంప్యూటర్ ఫ్యాన్లు గాలిని బయటికి ఊదేలా బిగించాక మా ఫ్రిజ్ మధ్యాహ్నాల్లో కూడా నిలబడింది. బండి సమతలంగా ఉండాలి, ఒరిగి ఉంటే ఈ రకం ఫ్రిజ్ సరిగ్గా పనిచేయదు. సరుకు నింపడం రాత్రి చేయండి.

ఏసీ ఉంటే

ఏసీని బండి కాగిపోయాక వేయకండి, పొద్దున కిటికీలు మూసిన వెంటనే తక్కువలో మొదలుపెట్టండి. పరదా వేసి మనుషులున్న సగాన్నే చల్లబరచండి. ఫిల్టర్ కడగండి. బ్యాటరీ మీద నడపాలనుకునేవాళ్లు లెక్క చూసుకోండి: 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు, ఇన్వర్టర్‌లో పోయేది తీసేస్తే 800 వాట్ల ఏసీని అది గంటన్నర కూడా నడపలేదు. క్యాంప్‌సైట్ (బళ్లు ఆపుకుని బస చేసే స్థలం) కరెంటు 6 ఆంపియర్లే అయితే 230 వోల్టుల దగ్గర మొత్తం 1380 వాట్లు. ఏసీ నడుస్తుండగా నీళ్ల కెటిల్ వేస్తే ట్రిప్ అవుతుంది. జనరేటర్‌ను ఆనింగ్ కిందా, తెరిచిన కిటికీ దగ్గరా ఎప్పుడూ పెట్టకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఏసీ నడుస్తోంది కదా అని పిల్లల్ని గానీ, కుక్కను గానీ లోపల వదిలి వెళ్లకండి. కరెంటు పోయిన అరగంటకు లోపల ఏం జరుగుతుందో మీరు చూడలేరు. కిటికీ రెండంగుళాలు తెరిచి ఉంచడం వల్ల పెద్దగా తేడా రాదు.

మందులు ఫ్రిజ్‌లోనో, నేల దగ్గర నీడగా ఉండే అరలోనో పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు మీద స్ప్రే డబ్బాలు, లైటర్లు వద్దు.

ఇప్పుడు మా అమ్మ మాతో వచ్చినప్పుడు ఆ తెర ఆమె కూర్చునే చోటికి ఎదురుగా పెడతాను. లోపల 32 కనిపిస్తే తడిగుడ్డ, నీళ్లు, క్లిప్పు ఫ్యాను. 35 కనిపిస్తే ఎవరం ఏ పనిలో ఉన్నా బండి దిగి చెట్టు కిందికో, ఏసీ ఉన్న ఏదైనా భవనంలోకో వెళ్లిపోతాం, రెండు అంకెలూ కిందికి దిగే దాకా తిరిగి ఎక్కం. ఎవరైనా తికమకగా మాట్లాడినా, నడకలో తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అంకె చూస్తూ కూర్చోం. నీడలోకి మార్చి, ఒళ్లు తడిపి, విసురుతూ, వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాం. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయం. మొన్న ఒక మధ్యాహ్నం నేను బయట వల కడుతుంటే లోపలి నుంచి అమ్మే పిలిచింది: "ముప్పై అయిదు అయిందే, పదండి."